బావంచాల నలుగు

మొగల్తూరులో పల్లంరాజుగారి లోగిలికి రెండు గుమ్మాలు. వీధి గుమ్మంలోంచి మగవాళ్ళూ, చుట్టాలూ, గౌరవనీయులూ వెళ్ళేవారు. పెరటి గుమ్మంలోంచి పాలూ, చేపలూ, మరిడమ్మా వెళ్ళేవి. ఆ వరసలో కలిపి చెప్పినందుకు మరిడమ్మ నొచ్చుకునే మనిషి కాదు. మొదట్లో ఆవిడ కూడా చేపల గంపతోనే వెళ్ళింది మరి.

ధవళేశ్వరం ఆనకట్ట కట్టి నలభై ఏళ్ళు దాటిన రోజులవి. కాలవ నీళ్ళు వచ్చి, వరి పండి, రాజుల లోగిళ్ళు ఎత్తు పెరిగాయి. లోగిళ్ళు ఎత్తు పెరిగిన కొద్దీ లోపలి గదుల్లో వెలుతురు తగ్గింది. ఘోషా ఇళ్ళు. ఆడవాళ్ళు గుమ్మం దాటితే చుట్టూ తెరలు కట్టిన బండిలోకి, బండి దిగితే ఇంకో లోగిలిలోకి. వీధి అన్నది వాళ్ళకి చెవులతో తెలిసిన సంగతే గాని కళ్ళతో తెలిసింది కాదు.

మరిడమ్మది అక్కడికి దక్షిణాన సముద్రపు ఒడ్డు పల్లె. మొగుడు వేటకి వెళ్ళి తిరిగి రాలేదు. ఒక్కగానొక్క కూతురు పురిట్లో పోయింది. ఆ పురిట్లో పుట్టిన మనవరాలు రత్తమ్మని ఆవిడే సాకింది. చేపలమ్ముకుంటూ లోగిలి పెరట్లోకి వెళ్ళిన ఒక పూట, ఇంటి పెద్దావిడ సంపూర్ణమ్మగారు సందువా చేపల్ని వదిలేసి, చేపలు తెచ్చిన మనిషి ముఖం చూసింది.

"ఏంటే, ఉప్పుగాలిలో తిరిగేదానివి. ముఖం ఇంత నున్నగా ఎలా ఉంటుంది నీకు?"

"ఏం లేదండి అమ్మగారూ. ఎండలోకి ఎల్లేముందు కొబ్బరినూనె రాసుకుంటాం. వచ్చాక గంజితో కడుక్కుంటాం. మా అమ్మ సెప్పిందండి, అంతే."

సంపూర్ణమ్మగారికి ఆ జవాబు నచ్చలేదు. ఊరికే దొరికే వస్తువుల మీద కలవారికి గురి కుదరదు. గంధపు చెక్కలు, కచ్చూరాలు, కస్తూరి పసుపు, వట్టివేళ్ళు అన్నీ నరసాపురంలో మూలికలమ్మే పసారి కొట్టు నుంచి తెప్పించి మరిడమ్మ ముందు పెట్టి, ఏం చేస్తావో చెయ్యమంది. మరిడమ్మ చేసింది. ఆ ఇంటి ముసలమ్మల్ని అడిగి కొంత, తన ముక్కునీ వేళ్ళనీ నమ్ముకుని కొంత నేర్చుకుంది. ఏడాది తిరిగేసరికి గంప పక్కన పడింది. నలుగు పెట్టే మనిషిగా లోగిలిలో స్థిరపడిపోయింది.

ఆ పనిలో ఆవిడ ఒడుపు అబద్ధం కాదు. వేలి వెనక భాగంతో చెంప మీద ఒక్కసారి రాసి చూసేది. పసిబిడ్డ అయితే మీగడా, మెత్తటి పెసరపిండీ తప్ప ఇంకేమీ తగలనిచ్చేది కాదు. ఈడొచ్చి మొటిమలతో ఏడుస్తున్న పిల్లలకి వేపాకు నూరి పెట్టి, గిల్లుకుంటే వేళ్ళు విరిచేస్తానని బెదిరించేది. జిడ్డు కారే ముఖానికి సెనగపిండి, పులిసిన పెరుగు. చలికాలంలో గీసుకుపోయి పొట్టు రేగే ముఖానికి నువ్వుల నూనె, వెన్న. ముడతలు పడ్డ అత్తగార్లకి మాత్రం నలుగు గట్టిగా రుద్దకూడదని, రుద్దితే చర్మం సాగుతుందే గాని వయసు వెనక్కి పోదని ముఖానే చెప్పేది. ఆవిడ అన్నదానికి వాళ్ళు నవ్వేవారు. ఇంకెవరన్నా ఆ మాట అంటే పెరటి గుమ్మం కూడా మూసుకుపోయేది.

వీటన్నిటికీ మించి ఆవిడకి పేరు తెచ్చింది బావంచాల నలుగు. బావంచాలంటే నల్లటి చిన్న గింజలు. నానబెట్టి కచ్చూరాలతో కలిపి నూరితే ఘాటు వాసన కొడతాయి. ఆ నలుగు పెట్టిన ముఖాలు దీపం వెలుగులో పసిమిగా మెరిసేవి. పెళ్ళిళ్ళ కాలంలో చుట్టుపక్కల రాజుల ఇళ్ళ నుంచి ఆవిడ కోసం బండ్లు వచ్చేవి. ఇరవై ఏళ్ళలో ఒక్క ముఖానికి కూడా ఆ నలుగు వల్ల చిన్న దద్దురైనా లేచింది లేదు. మరిడమ్మ కుడిచేతి వేళ్ళు మాత్రం కణుపుల దాకా నల్లబడి, వేసవిలో దురద పెట్టేవి. పసుపుతో, రాతితో పనిచేసే చెయ్యి అలాగే ఉంటుందిలే అనుకునేది.

పల్లెలో ఆవిణ్ణి లోగిలి మరిడమ్మ అనేవారు. ఆ పిలుపు ఆవిడకి తియ్యగా ఉండేది. కొబ్బరినూనె రాసుకుని గంపెత్తుకునే ఆడవాళ్ళని చూసి, "ఇంకా ఆ జిడ్డేనా మీకు" అని ముక్కు చిట్లించేది. తన తల్లి చెప్పిన మాట ఆవిడకి పేదవాళ్ళ వైద్యంలా కనబడడం అప్పటికే మొదలైంది. నన్నడిగితే ఆవిడ తప్పు అక్కడే పుట్టింది. తర్వాత జరిగింది దాని పెరుగుదల మాత్రమే.

రత్తమ్మని పక్క పల్లెలో బుల్లియ్యకిచ్చారు. ఆ పిల్లకి ఇరవయ్యో ఏట కడుపు పండింది. నాలుగో నెల వచ్చేసరికి రెండు చెంపల మీదా గోధుమరంగు మచ్చలతో మంగు కమ్మింది. కడుపుతో ఉన్న ఆడవాళ్ళకి చాలామందికి వచ్చేదే. కాని అత్తగారు పెద్దింట్లమ్మ నోరు ఊరుకునేది కాదు. పేడతో అలికిన గోడలా ఉందే నీ ముఖం అంది, నలుగురిలో అంది, నవ్వుతూ అంది. రత్తమ్మ ఏడుపు మింగుకుని, తెల్లారేసరికి అమ్మమ్మ గుమ్మంలో కూర్చుంది.

"ఇది పోద్దా అమ్మమ్మా?"

వేరే ఎవరైనా అడిగితే మరిడమ్మ దగ్గర జవాబు తయారుగా ఉండేది. జాజికాయ పచ్చిపాలతో అరగదీసి రాసుకో, తొందరపడకు, పురుడయ్యాక సగం దానంతటదే పోద్ది అని చెప్పి పంపేసేది. అదే సరైన మాట. కాని అడిగింది రత్తమ్మ. అన్నది పెద్దింట్లమ్మ. బండ్లు కట్టించుకుని రాణివాసాలకి వెళ్ళే మరిడమ్మ మనవరాలి ముఖాన్ని గోడతో పోలుస్తుందా అని ఆవిడకి రోషం వచ్చింది. నెలలు ఆగే ఓపిక ఆ రోషానికి లేదు.

"వారం తిరక్కుండా నీ ముఖం సూసి మీ అత్త కళ్ళు నులుముకోవాల. ఉండు" అంది.

లోగిలిలో వేసే కన్నా రెండింతలు బావంచాలు వేసి, పెరుగుతో మెత్తగా నూరింది. నుదుటికీ, చెంపలకీ, ముక్కుకీ, గడ్డానికీ, మెడకీ పట్టించింది. ఆరనిచ్చి, నలిచి, నీళ్ళతో కడిగింది. ముఖం నిజంగానే తేటగా కనబడింది. రత్తమ్మ నీళ్ళ తొట్టిలో చూసుకుని నవ్వింది. ఇంకో రెండు పూటలకి సరిపడా నూరి తాటాకు దొన్నెలో పెట్టి ఇచ్చింది మరిడమ్మ.

"పడవలొచ్చే ఏళయ్యింది. ఎల్లొత్తాను" అంది రత్తమ్మ.

"ఎల్లు" అంది మరిడమ్మ.

రత్తమ్మ ఎక్కడికి వెళ్తోందో ఆవిడకి తెలియదా? గంపెత్తుకుని ఒడ్డు నుంచి మొగల్తూరుకీ, అక్కడి నుంచి కాలవ గట్టున ఉన్న ఊళ్ళకీ వైశాఖమాసపు ఎండలో తిరిగే దారి, తను పడుచుతనంలో తిరిగిన దారే. తెలుసు. తెలిసిన సంగతే తలలోకి రాలేదు. ఆవిడ నలుగు పెట్టిన ముఖాలన్నీ కడుక్కుని ఇంకో గదిలోకి వెళ్ళే ముఖాలు. ఇరవై ఏళ్ళుగా ఆవిడ చేతులకి అదే అలవాటు.

రెండు మూడు రోజుల్లో రత్తమ్మ ముఖం ఎర్రగా కమిలి వాచింది. తర్వాత బొబ్బలు లేచాయి. మొదట అమ్మవారు పోసిందనుకుని ఇంటికి వేపమండలు కట్టారు. కాని జ్వరం లేదు, ఒంటి మీద ఇంకెక్కడా పొక్కు లేదు. బొబ్బలు చితికి ఆరాక, వాటి అడుగున చర్మం బొగ్గులా నల్లబడింది. మంగు ఉన్న చోటే కాదు, ముక్కూ గడ్డం కూడా. అప్పుడు పెద్దింట్లమ్మ గొంతు తగ్గించి కుష్ఠుకి జనం వాడే మాట అంది. పెద్దరోగం.

ఆ మాట ఒకసారి బయటికొచ్చాక పల్లెలో ఎవరూ దాన్ని వెనక్కి తోయలేరు. కులపెద్ద భీమరాజు వచ్చి దూరం నుంచే చూశాడు. కొన్నాళ్ళు విడిగా ఉంచి చూద్దామన్నాడు. ఇసుకమేట మీద పాత వలలు పడేసే పాక ఉంటే రత్తమ్మని అందులో పెట్టారు. పెద్దరోగమే అని తేలితే పల్లె విడిచి పోవాలి. అంతర్వేది దారిలో అడుక్కునే రోగుల గుంపుతో కలవాలి. బిడ్డ పుడితే తీసుకుంటారు, తల్లిని తీసుకోరు. ఈ సంగతి ఆ పిల్లకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది.

బుల్లియ్య రోజూ అన్నం తెచ్చి, పాకకి కొంచెం ఇవతల పెట్టి, పెళ్ళాం చెయ్యి కడుక్కునేదాకా నిలబడి వెళ్ళిపోయేవాడు. చెడ్డవాడు కాదు. తల్లి మాటకి ఎదురు చెప్పలేని మంచివాడు. అలాంటి మంచితనం వల్ల జరిగే చెడు తక్కువేం కాదు.

కబురు తెలిసి మరిడమ్మ పరుగున వెళ్ళింది. ఎవరు వద్దన్నా వినకుండా పాకలోకి వెళ్ళి, మనవరాలి గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది. చెంపలు నలుపు, ముక్కు నలుపు, గడ్డం నలుపు. నుదురు మాత్రం తేటగా ఉంది. మెడ తేటగా ఉంది. నలుగు తను అన్ని చోట్లా ఒకేలా పట్టించింది. మరి నుదుటినీ మెడనీ రోగం ఎందుకు వదిలేసింది? నుదుటి మీద గంప అంచు నీడ పడుతుంది. మెడకి పైటకొంగు చుట్టుకుంటారు. మరిడమ్మ తన కుడిచెయ్యి చూసుకుంది. రోజూ బావంచాలు తాకి, ఎండలో ఇంటికి నడిచొచ్చే చెయ్యి. నల్లబడ్డ వేళ్ళు. ఆ పాకలో, ఆ క్షణాన ఆవిడకి అంతా తెలిసిపోయింది.

"ఏంటి అమ్మమ్మా? ఏంటో తెలిసిందా నీకు?" అంది రత్తమ్మ.

"ఏం లేదే. తగ్గిపోద్దిలే" అని మరిడమ్మ బయటికి వచ్చేసింది.

తెలియక నలుగు పెట్టిన తప్పు ఒకటి. దాన్ని ఎవరైనా క్షమిస్తారు. తెలిశాక నోరు మూసుకుని బయటికి నడిచిన తప్పు రెండోది. ఆ రెండో దాని పేరు మరిడమ్మకి బాగా తెలుసు. ఇసకలో నడుస్తూనే ఆవిడ తనకి తాను సర్దిచెప్పుకోవడం మొదలుపెట్టింది. చెబితే మాత్రం నల్లబడ్డ ముఖం తెల్లబడుతుందా? రేపో ఎల్లుండో దానంతటదే తగ్గితే, అందరూ ఊరుకుంటారు కదా? లోగిలిలో తెలిస్తే, మా ముఖాలకీ ఇదేనా రాస్తున్నావు అని బయటికి నెడితే, ఈ వయసులో గంపెత్తుకోగలనా? ఒక్కో మాటకీ ఒక్కో జవాబు దొరికేది. దొరికిన జవాబు పాక వైపు చూడగానే చెదిరిపోయేది.

రోజూ చెప్పెయ్యాలనే పాకకి వెళ్ళేది. నెయ్యి పట్టుకెళ్ళేది, కొబ్బరినూనె పట్టుకెళ్ళేది, మనవరాలి ముఖానికి మెల్లగా రాసేది. చేపల సంగతీ, గాలి సంగతీ మాట్లాడి వచ్చేసేది. రత్తమ్మ కూడా ఏమీ అడిగేది కాదు. కళ్ళు మూసుకుని రాయించుకునేది. ఆ మూసుకున్న కళ్ళు చూడలేక మరిడమ్మ తొందరగా చెయ్యి తీసేసేది.

లోగిలిలో మాత్రం ఎవరికీ తెలియకుండా నలుగులోంచి బావంచాలు తీసేసింది. అడిగితే గింజలు పుచ్చిపోయాయంది. సంపూర్ణమ్మగారి పెద్దకోడలి చెంపకి పిండి రాస్తూ, మధ్యలో ఆగి తన వేళ్ళు చూసుకుంది. "ఒంట్లో బాగాలేదా మరిడమ్మా?" అని ఆ అమ్మాయి నెమ్మదిగా అడిగింది. ఆ నెమ్మదికి మరిడమ్మ లోపల చచ్చిపోయింది. కడుపుతో ఉన్న పిల్ల ఇసకలో ఒక్కతే పడుంటే, నేను నీడపట్టున కూర్చుని రాజుల ముఖాలు తోముతున్నాను అనుకుంది. పగలంతా అదే మాట చెవుల్లో తిరిగింది.

ఇక ఆగలేనని పెద్దింట్లమ్మ పట్టుబట్టడంతో భీమరాజు పంచాయితీ పెట్టాడు. ఎండుచేపలు ఆరబెట్టే చోటికి పక్కన ఆడా మగా కూర్చున్నారు. రత్తమ్మ దూరంగా, పైట ముఖం మీదకి లాక్కుని నిలబడింది. పెద్దింట్లమ్మ చెప్పవలసింది చెప్పింది. ఇంట్లో మిగతావాళ్ళ సంగతి చూసుకోవాలి కదా అంది. అందులో అబద్ధం లేదు. ఆవిడ నిజంగానే భయపడింది. బుల్లియ్య నేల చూశాడు. భీమరాజు గొంతు సవరించుకున్నాడు. ఆ గొంతులోంచి రాబోయే మాట ఏమిటో మరిడమ్మకి తెలిసి, లేచి నిలబడింది.

"అది పెద్దరోగం కాదు. నేను కాల్చాను దాని ముఖం. నా పిండి" అంది.

పెద్దింట్లమ్మ జాలిగా చూసింది. "మనవరాలి మీద పేణం పెట్టుకున్నావు, నాకు తెల్దా. కానీ అత్తా, లోగిలి అమ్మగార్లంతా రాసుకునే పిండే కదా అది? ఆళ్ళకి రాందీ దీనికెలాగొచ్చింది?"

"ఆళ్ళు ఎండలోకి రారు."

"ఎండ మనకి కొత్తా?" అన్నాడు భీమరాజు. "పుట్టిన కాడ్నించీ ఎండలోనే ఉన్నాం గదా. ఎవరికైనా ముఖం కాలిందా?"

కొందరు నవ్వారు కూడా. మరిడమ్మ చెప్పింది, మళ్ళీ చెప్పింది. గంప నీడ గురించి, పైటకొంగు గురించి చెప్పింది. తన వేళ్ళు చాపి చూపించింది. ముసల్ది మనవరాలి కోసం కథ అల్లుతోందనే అనుకున్నారు అందరూ. ఇన్నాళ్ళూ నోట్లోంచి రాని నిజం తీరా వచ్చాక దాన్ని తీసుకునేవాళ్ళు లేరు. నాలుగు రోజుల ముందే, పాకలోంచి బయటికొచ్చిన పూటే చెప్పి ఉంటే నమ్మేవారేమో. ఇప్పుడు పంచాయితీ మధ్యలో చెబితే, ఎవరికైనా అది అప్పటికప్పుడు అల్లిన అబద్ధంలాగే వినబడుతుంది.

ఆవిడ ఇంటికి వెళ్ళి బావంచాలు తెచ్చింది. అందరి ముందూ నానబెట్టి నూరింది. ఎడమ చెంప నిండా పట్టించింది, కుడి చెంప వదిలేసింది. ఆరాక కడిగేసుకుని, ఎండుచేపల మధ్య ఇసకలో, తల మీద కొంగు తీసేసి కూర్చుంది.

"రెండు రోజులు ఆగి సూడండి. అప్పుడు ఏదంటే అది సెయ్యండి" అంది.

అరవై ఏళ్ళ మనిషి పొద్దు వాలేదాకా అలాగే కూర్చుంది. పిచ్చెక్కిందన్నారు. ఎవరో నీళ్ళు తెచ్చిస్తే తాగింది, నీడకి రమ్మంటే రాలేదు. మర్నాడు చెంప మీద ఏమీ లేదు. పెద్దింట్లమ్మ తల అడ్డంగా ఊపింది. ఆ పూట మరిడమ్మ పడ్డ బాధ వేరు. తన చెంప కాలాలని దేవుడికి మొక్కుకుంది. ఆ సాయంత్రానికి మంట మొదలైంది. ఆ మర్నాడు పొద్దున్నే ఎడమ చెంప ఎర్రగా వాచి, చిన్న బొబ్బలతో నిండిపోయింది. కుడి చెంప ఎప్పటిలాగే నున్నగా ఉంది. భీమరాజు వంగి రెండు చెంపలూ మార్చి మార్చి చూశాడు. తర్వాత బుల్లియ్య వైపు తిరిగి, "ఎల్లి నీ పెళ్ళాన్ని ఇంటికి తీసుకురా" అన్నాడు.

అలా రత్తమ్మ ఇంట్లోకి వెళ్ళింది. ముఖం మీద నలుపు నెమ్మదిగా విడవడం మొదలైంది. ముఖం విప్పుకుని చేపలమ్మడానికీ వెళ్ళింది. బయల్దేరే ముందు అత్తగారే కొబ్బరినూనె రాసి పంపేది. పెద్దింట్లమ్మ కోడల్ని కావలించుకుని ఏడ్చి, తప్పయిపోయిందంది. పల్లె పల్లెంతా మరిడమ్మని మెచ్చుకుంది. మనవరాలి కోసం ముఖం కాల్చుకున్న అమ్మమ్మ ఎక్కడైనా ఉందా అన్నారు. ఆడవాళ్ళు తమ పిల్లల్ని తెచ్చి, ఈవిడకి దణ్ణం పెట్టమన్నారు.

ఒక్కళ్ళు కూడా కోప్పడలేదు. మరిడమ్మకి అదే భరించలేనిదయ్యింది. దాని ముఖం కాల్చింది నేనే, తెలిశాక దాచింది నేనే అని ఆవిడ అంటే, "ఊరుకో అమ్మా, నీ మంచితనం" అనేవారు. నిజం చెబుతుంటే అది కూడా ఆవిడ గొప్పతనం లెక్కలోకే పోయేది. దణ్ణం పెట్టిన పిల్లల తలల మీద చెయ్యి వెయ్యడానికి ఆవిడకి ధైర్యం చాలేది కాదు.

లోగిలికి వెళ్ళి సంపూర్ణమ్మగారికి ఉన్నదున్నట్టు చెప్పేసింది. అక్కడైనా తిడతారనే ఆశతో వెళ్ళింది. అమ్మగారు ఆవిడ ఎడమ చెంప వంక చూసి, తన చెంప తడుముకుంది.

"ఎండకేనా ఇంత అయ్యింది?"

"ఎండకేనండి. పిండి తోడైతే."

"మాకేమీ కాలేదే ఇన్నాళ్ళూ."

"తమరు ఎండ మొహం సూడరు కదండి."

అమ్మగారు కిటికీకి కట్టిన చాప వైపు చూసి, "అదీ నిజమే" అంది. తర్వాత మెల్లగా, "ఇక నుంచి నువ్వు రాకు మరిడమ్మా. నీ ముఖం చూసి పిల్లలు జడుసుకుంటారు" అంది. తిట్టలేదు. పాత చీర ఒకటి ఇచ్చి పంపింది. ఇరవై ఏళ్ళు నడిచిన పెరటి గుమ్మం దాటి వస్తూ, పని పోయినందుకు మరిడమ్మ ఏడవలేదు. తను చేసినదానికి ఇది శిక్ష కాదని తెలిసి, శిక్ష ఎక్కడ దొరుకుతుందో తెలియక ఏడ్చింది.

నెలలు నిండాక రత్తమ్మ పురిటికి అమ్మమ్మ ఇంటికే వచ్చింది. తల్లి లేని పిల్లకి పుట్టిల్లు అదే. ఆడపిల్ల పుట్టింది. తల్లి చెంపల మీద నలుపు చాలావరకు పోయింది గాని, ముక్కుకి అటూ ఇటూ నీడలా కొంచెం మిగిలింది. మరిడమ్మ వంట చేసింది, బాలింతకి కావలసినవన్నీ వేళకి అమర్చింది. బిడ్డకి నలుగు పెట్టి నీళ్ళు పొయ్యడం మాత్రం పక్కింటి తలుపులమ్మకి అప్పజెప్పింది. నడుం నొప్పంది. చెయ్యి పట్టు తప్పుతోందంది. తలుపులమ్మ పిండి రుద్దుతుంటే తలుపు చాటున నిలబడి, పసిదాని చర్మానికి అది ఎక్కువ గరుకేమో అని చూసి, చెప్పబోయి మానుకునేది.

ఒక పూట తలుపులమ్మ రాలేదు. రత్తమ్మ నీళ్ళు కాచి, మీగడలో పెసరపిండి కలిపి గిన్నెలో పెట్టి, బిడ్డని తెచ్చి అమ్మమ్మ ముందు చాప మీద పడుకోబెట్టింది.

"నువ్వు పెట్టు" అంది.

"నా చేత్తో వద్దే."

"ఎందుకొద్దు?"

మరిడమ్మ తల దించుకుంది. "నీకు తెల్దు రత్తీ. నీ ముఖం కాల్చిందే కాదు. పాకలో నిన్ను సూసిన్నాడే నాకు తెలిసింది. తెలిసీ సెప్పలేదు. ఎంతమందికి సెప్పినా ఎవరూ నమ్మట్లేదు."

"నాకు తెలుసు" అంది రత్తమ్మ.

మరిడమ్మ తలెత్తింది.

"ఆయేళే తెలుసు. నా ముఖం సూసి, నీ సెయ్యి సూసుకుని, మాటాడకుండా ఎల్లిపోయావు. నీకు తెలిసిందని నాకర్థమయ్యింది. రేపొచ్చి సెప్తావనుకున్నాను. నెయ్యి తెచ్చావు. ఆ మర్నాడు సెప్తావనుకున్నాను. నూనె తెచ్చావు. రోజూ నువ్వు రాత్తా ఉంటే, ఇప్పుడు సెప్తావు, ఇప్పుడు సెప్తావని కళ్ళు మూసుకుని ఇన్నాను. నువ్వు గాలి గురించి మాటాడేవు."

రత్తమ్మ గొంతు పెద్దది చెయ్యలేదు. ఆరబెట్టిన గుడ్డలు మడతపెడుతూ చెప్పినట్టే చెప్పింది.

"ముఖం కాల్చినందుకు నాకు కోపం లేదు. తెలీక సేసావు. అక్కడ పాకలో నన్నొదిలేసి నడిచి ఎల్లావు సూడు, దానికి కోపం. అందరూ నిన్ను దేవతంటంటే, నేనేం అనలేక ఊరుకున్నాను. ఆ కోపం ఇంకా ఉంది అమ్మమ్మా. పోద్దో పోదో నాకు తెల్దు."

ఇన్నాళ్ళుగా ఎవరి దగ్గరా దొరకని మాట మరిడమ్మకి ఇప్పుడు దొరికింది. ఇది తనదే, తనకి రావలసిందే అనిపించి, గుండె మీద నుంచి ఏదో జరిగినట్టయి, రెండు చేతుల్లో ముఖం దాచుకుని గట్టిగా ఏడ్చింది. రత్తమ్మ ఓదార్చలేదు. వద్దకి రాలేదు. ఏడుపు నెమ్మదించేదాకా గుడ్డలు మడతపెట్టి, ఆ తర్వాత గిన్నె ముందుకి జరిపింది.

"కానియ్యి. నీళ్ళు చల్లారిపోతన్నాయి" అంది.

మరిడమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, చేతులు కడుక్కుని, కాళ్ళు బారజాపి కూర్చుంది. రత్తమ్మ బిడ్డని ఎత్తి ఆ కాళ్ళ మీద పడుకోబెట్టి, పక్కనే కూర్చుని, అమ్మమ్మ చేతుల్ని చూస్తూ ఉండిపోయింది.